పాడే ప్లేటుకు సూది లేదు

కడప నుంచి కర్నూలు పోయే బస్సులో మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో దిగండి. ఒక దారి బద్వేలుకు, ఒకటి ప్రొద్దుటూరుకు, ఒకటి నంద్యాల వైపు, నాలుగోది మీరొచ్చిన కడపది. ఏ టైములో దిగినా ఎక్కడో ఒక పాట మోగుతూనే ఉంటుంది. ఆటోలో బ్లూటూత్ స్పీకరు, సెల్ షాపులో పెన్‌డ్రైవు, గుడి మైకులో ఘంటసాల భగవద్గీత. ఆ భగవద్గీత 1974లో ఘంటసాల పోయిన తర్వాత ఎల్‌పీ రికార్డుగా బయటికొచ్చింది. రికార్డు నుంచి క్యాసెట్‌కు, క్యాసెట్ నుంచి సీడీకి, సీడీ నుంచి మెమరీ కార్డుకు మారుతూ యాభై ఏళ్లు దాటేసింది. ఏ ఊరి మైకువాడి దగ్గరా ఒరిజినల్ రికార్డు ఉండదు. అయినా పాటకేం కాలేదు.

మరి అన్ని పాటల సంగతీ ఇంతేనా? కాదు. మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరిగితే ఆ తేడా తెలుస్తుంది. ఇక్కడ ఇప్పుడు సీడీలు ఎక్కువగా కనబడేది ఇళ్లలో కాదు, చేలల్లో. జొన్న చేనుకు పిట్టలు రాకుండా దారానికి కట్టి వేలాడదీస్తారు. గాలికి తిరుగుతూ తళతళా మెరుస్తుంటాయి. వాటి మీద సినిమా పాటలుంటే బాధేం లేదు, అవన్నీ మీ ఫోన్లో ఉన్నాయి. కానీ కొన్నింటి మీద మార్కర్‌తో ‘చెక్కభజన’ అనో, ‘తత్వాలు’ అనో రాసి ఉంటుంది. అక్కడ ఆగి ఆలోచించాలి.

చెక్కభజన ఈ సీమలో ఊరూరా ఉన్న ఆట, పాట. చేతిలో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, మధ్యలో గురువు. బ్రహ్మంగారి మఠం కూడా మైదుకూరుకు దగ్గరే. ఏటా వైశాఖంలో ఆరాధన జరిగినప్పుడు తంబూరాలు పట్టుకుని తత్వాలు పాడేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. క్యాసెట్ల కాలంలోనూ, తర్వాత సీడీల కాలంలోనూ ఇలాంటి బృందాలు తమ పాటల్ని తామే రికార్డు చేయించుకుని, నాలుగు కాపీలు కొట్టించి, తిరునాళ్లలో అమ్ముకున్నాయి, బంధువులకు పంచుకున్నాయి. పెద్ద కంపెనీ లేదు, మాస్టర్ కాపీ లేదు. యాప్‌లో వెతికితే దొరకవు. ఆ సీడీ పోయిందంటే ఆ పాటా పోయినట్టే.

సీడీ ఎన్నాళ్లుంటుంది? మీ ఇంట్లో ఒకటి ఉంటే వెనక్కి తిప్పి చూడండి. అచ్చంగా వెండిలా ఉంటే అది ఫ్యాక్టరీలో అచ్చు కొట్టింది. పాట చిన్న చిన్న గుంటలుగా ప్లాస్టిక్‌లోనే ముద్రపడి ఉంటుంది. బాగా చూసుకుంటే దశాబ్దాలు ఉంటుంది. పచ్చగానో, నీలంగానో కనబడితే అది కంప్యూటర్లో రాసిన సీడీ. అందులో పాట ఉన్నది ఒక రంగు పొర మీద. రంగు కదా, ఎండకు వెలుస్తుంది. మే నెలలో మా దిక్కు 43, 44 డిగ్రీలు మామూలే. ఆ ఎండలో బండి డాష్‌బోర్డు మీద పెట్టిన సీడీ గతేంటో చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. గీతలు పడితే ఎక్కువ ప్రమాదం మెరిసే వైపు కాదు, పేరు రాసే వైపు. పాటను వెనక్కి చూపించే సన్నటి లోహపు పొర ఆ పేరు కిందనే ఉంటుంది. బాల్‌పెన్నుతో గట్టిగా రాసినా, జిగురు స్టిక్కరు అంటించి పీకినా ఆ పొర లేచొస్తుంది. వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే సూది పోట్లలా చుక్కలు కనిపిస్తే, అక్కడ పాట పోయినట్టే లెక్క.

మైదుకూరు నుంచి ప్రొద్దుటూరు అరగంట ప్రయాణం. బంగారం కొనడానికి సీమంతా వచ్చే ఊరు. నేను పోయింది బంగారానికి కాదు, ఒక పెద్దాయన ఇంట్లో ఉన్న గ్రామఫోను ప్లేట్లు చూడటానికి. చెక్క పెట్టెలో, నిలువుగా, పాత న్యూస్‌పేపర్లలో చుట్టి పెట్టాడు. అన్నీ నాటకం పద్యాలే. ఒక్కోటి పళ్లెమంత ఉంది, చేతిలో బరువు తెలుస్తోంది.

“తాతా, ఇవి ఇంకా పాడతాయా?” అని అడిగినా.

“ఎందుకు పాడవబ్బీ, శుబ్బరంగా పాడతాయి. పాడిచ్చేదానికి సూదే ల్యా” అన్నాడు.

ఆ ప్లేట్లలో ముఖ్యమైన సరుకు లక్క. చెట్ల మీద లక్క పురుగు పెట్టే బంకే. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ ప్లేటు మీద ఒక వైపు పట్టేది దాదాపు మూడు నిమిషాల పాట. కలకత్తాలో 1902లో గౌహర్ జాన్ గొంతుతో మన దేశంలో రికార్డింగు ఊపందుకుంది. 1960లలో బీటిల్స్ పాటలు కూడా ఇండియాలో ఇలాంటి 78 ప్లేట్ల మీద వచ్చాయంటే మనవాళ్లు దీన్ని ఎంతకాలం వదల్లేదో చూడండి. కింద పడితే పెంకులా పగులుతుంది. పడకపోతే వందేళ్లయినా ఉంటుంది. ఇనుప సూదిని మాత్రం ఒక్కో వైపు ఆడించగానే మార్చాలి, మార్చకపోతే అరిగిన సూది ప్లేటును గీకేస్తుంది. సూదులు కొనే దిక్కు లేక తాత పెట్టె మూత పెట్టేశాడు.

ప్లేటు మిగిలినంత మాత్రాన పాట మిగిలినట్టు కాదని ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. ఈ సంగతి నాసా వాళ్లకు బాగా తెలుసు. 1977లో వాయేజర్ నౌకల్లో అంతరిక్షానికి పంపిన సంగీతం రాగి రికార్డు మీద ఉంది, పైన బంగారు పూత. అందులో మన కేసర్‌బాయి కేర్కర్ భైరవి రాగంలో పాడిన పాటా ఉంది. రికార్డుతో పాటు సూదిని కూడా పంపారు. ఎలా తిప్పాలో మూత మీద బొమ్మలు గీశారు. వినేవాళ్లు ఎవరో తెలీకపోయినా ఆ జాగ్రత్త తీసుకున్నారు.

రాగి అనగానే పాత కడప జిల్లావాళ్లకు గుర్తొచ్చే పేరు వేరే ఉంది. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య. ఆయన కీర్తనల్ని కొడుకు పెద్ద తిరుమలాచార్యుల కాలంలో రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లో దాచారు. వందల ఏళ్లు ఎవరికీ పట్టకుండా ఉండి, 20వ శతాబ్దంలో వెలుగులోకొచ్చి అచ్చయ్యాయి. మాట చెక్కుచెదరలేదు. ప్రతి పాటకూ రాగం పేరు కూడా చెక్కి ఉంది. కానీ అన్నమయ్య దాన్ని ఎట్లా పాడాడో రేకు చెప్పదు. ఇవాళ మనం వింటున్న వరసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కట్టినవి. అవి గొప్ప వరసలే. అన్నమయ్యవి మాత్రం కావు. మాట ఐదొందల ఏళ్లు నిలబడి, వరస జారిపోయింది. మైదుకూరు చేలో వేలాడే సీడీలో వరస ఉంది, గొంతు ఉంది, చెక్కల చప్పుడు కూడా ఉంది. దానికి పదేళ్ల గ్యారంటీ కూడా లేదు.

ఇంకొకాయన కూడా ఈ జిల్లాలోనే ఈ పని చేశాడు. సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితుల్ని జీతానికి పెట్టి, చెదలు తింటున్న తాళపత్రాల్ని తిరగరాయించాడు. ఆకును కాపాడటం మీద ఆయన నమ్మకం పెట్టుకోలేదు, నకలు తీయించాడు. అంతే తేడా. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో శివతాండవం రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు 1990లో పోయారు. ఆయన సొంత గొంతులో ఆ కావ్యాన్ని మీరు ఈ రాత్రికి యూట్యూబులో వినొచ్చు. ఎవరో టేపు నుంచి నకలు తీయబట్టే కదా!

ఇప్పుడు ఆ పండితుల పనికి కావలసింది ఒక యూఎస్‌బీ డ్రైవు. రెండు వేల రూపాయల లోపే దొరుకుతుంది, నలుగురు స్నేహితులు కలిసి కొంటే ఇంకా తక్కువ. ల్యాప్‌టాప్‌కు పెట్టి, సీడీలో ఉన్నది ఉన్నట్టు కాపీ చేయండి. మామూలు ఆడియో సీడీ అయితే ఎంపీ3గా కుదించొద్దు, వేవ్ గానో ఫ్లాక్ గానో దాచండి. ఒక కాపీ మీ దగ్గర, ఇంకోటి వేరే ఊర్లో ఉన్నవాళ్ల దగ్గర ఉంచండి. ప్రొద్దుటూరు తాత ప్లేట్లకు మాత్రం సొంత ప్రయోగాలు చేయొద్దు. 78 ప్లేటు గాడి వెడల్పు, దానికి వేరే సూది ఉన్న టర్న్‌టేబుల్ కావాలి. బెంగళూరులో ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ లాంటివాళ్లు ఇలాంటి పాత ప్లేట్ల మీదే పని చేస్తున్నారు.

కాపీ అయ్యాక స్క్రీన్ మీద కనబడేది ‘ట్రాక్ 01’. అది ఏ ఊరి భజన, గురువు ఎవరు, హార్మోనియం ఎవరిది, ఏ సంవత్సరం, ఇవేవీ సీడీలో ఉండవు. అవి చెప్పేవాళ్లు ఇంకా పల్లెల్లో ఉన్నారు. పొద్దుగూకినాక రచ్చబండ కాడ దొరుకుతారు.