అదే ఆకు, ఆరు గ్రూపులు

ప్రియమైన పాఠకులకు,

ఈమధ్య మీ ఉత్తరాల్లో ఒకే ఫిర్యాదు తరచుగా కనిపిస్తోంది: ‘ఒకే ప్రశ్నను ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిట్లోనూ పడేస్తున్నారండీ, ఎక్కడని జవాబు చెప్పాలి?’ అని. రాసినవాళ్లలో మిర్చి రైతులూ ఉన్నారు కాబట్టి మిర్చితోనే మొదలుపెడతాను.

పొద్దున్నే గ్రూపులో ముడుచుకుపోయిన ఆకు ఫొటో ఒకటి వస్తుంది. కింద రెండే మాటలు: ‘ఏం కొట్టాలి?’ కాసేపటికి అదే ఫొటో పక్క గ్రూపులో, ఆపైన ఇంకోదాంట్లో. ఒకాయన ‘పై ముడత, తామర పురుగు’ అంటాడు. రెండో గ్రూపులో ‘కాదు, నల్లి’ అంటారు. మూడోచోట ఎవరో ఏకంగా మందు డబ్బా ఫొటోనే పెడతారు. సాయంత్రానికి రైతు చేతిలో మూడు మందుల పేర్లు. మూడూ కలిపి కొట్టేసేవాళ్లకూ కొదవ లేదు.

అన్నిచోట్లా అడిగినందుకు నేను రైతును తప్పుపట్టను. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం వైపు మిర్చి తోటల మీద విరుచుకుపడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు తెలిసిన తామర పురుగు ఆకును పైకి ముడిచేది. ఇది పూతలో దూరింది. అలవాటైన మందులకు లొంగలేదు. తోట కళ్లముందే పోతుంటే, ఒక్కచోట అడిగి ఓపిగ్గా కూర్చోమని ఎవరు చెప్పగలరు?

నా పేచీ వేరు. మొదటి గ్రూపులో ఎవరో తెలిసినాయన ‘ఆకు పైకి ముడిచిందా, కిందికా? కింది వైపు కూడా ఫొటో తీసి పెట్టండి’ అన్నారనుకోండి. రైతు పెట్టాడు, సంగతి తేలిపోయింది. పక్క గ్రూపుల్లో మాత్రం పాత ఫొటో మీదే ఇంకా ఊహాగానాలు. అక్కడొక రిటైరైన వ్యవసాయాధికారి కళ్లజోడు సవరించుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మధ్యాహ్నమంతా కూర్చుని జవాబు రాస్తారు. ఆ పని పొద్దున్నే అయిపోయిందని ఆయనకు చెప్పిన దిక్కు లేదు. మళ్లీసారి ఆయన ఎందుకు రాస్తారు?

ఇది వాట్సాప్‌తో పుట్టిన తగువు కాదు. 1980లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం దగ్గర మొదలైన యూజ్‌నెట్ అనే చర్చావేదికలో దీనికొక చక్కటి ఏర్పాటు ఉండేది. ఒకే ఉత్తరం మీద రెండు మూడు గ్రూపుల పేర్లు రాయవచ్చు. సర్వర్‌లో ఉండేది ఒకటే ప్రతి. ఒకచోట చదివితే రెండోచోట మళ్లీ ఎదురయ్యేది కాదు, జవాబు అన్నిటికీ వెళ్లేది. కావాలంటే ‘ఇకమీదట జవాబులు ఫలానా గ్రూపులోనే’ అని గిరి గీయనూవచ్చు. విడివిడిగా కాపీలు పెట్టేవాళ్లను మాత్రం ఉతికి ఆరేసేవారు. 1994 ఏప్రిల్ 12న అరిజోనా లాయర్లు ఇద్దరు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేలాది గ్రూపుల్లో ఇలాగే విడివిడిగా గుమ్మరించి చరిత్రకెక్కారు. (ఆ లాటరీకి అర్హత లేని దేశాల్లో ఇండియా ఒకటని ప్రకటనలోనే ఉంది. అయినా మనవాళ్లూ గ్రూపు గ్రూపుకీ చదవక తప్పలేదు.)

వాట్సాప్‌లో ఆ సదుపాయం లేదు. ఫార్వర్డ్ నొక్కితే ఇంకో కాపీ పుడుతుంది, అంతే. మిగతావి ఎక్కడున్నాయో దానికి తెలియదు. అందుకని ఆ పని మనమే చేసుకోవాలి. ‘ఫలానా రెండు గ్రూపుల్లోనూ అడిగాను’ అని ప్రశ్న కిందే ఒక ముక్క రాస్తే చాలు, చదివినవాళ్లు అక్కడేమైందో చూసి మాట్లాడతారు. ఒకచోట మంచి జవాబు వస్తే దాన్ని మిగతాచోట్లా పెట్టండి. మందు కొట్టాక తగ్గిందో లేదో కూడా చెప్పండి. ‘తగ్గలేదు’ అన్న కబురే తర్వాత అడగబోయే రైతుకు మరీ అవసరం. తొందర లేని ప్రశ్నయితే ముందు ఒక్కచోట అడిగి ఒకరోజు ఆగితే ఏమీ మునిగిపోదు. ఆగలేని పంట సమస్యకు కిసాన్ కాల్ సెంటర్ ఉండనే ఉంది: 1800-180-1551. తెలుగులోనే చెబుతారు.

రక్తం కావాలనే సందేశానికి ఈ ఒకరోజు ఆగే నియమం వర్తించదు. ప్లేట్‌లెట్లు సేకరించాక మామూలుగా ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, డెంగీ రోజుల్లో అప్పటికప్పుడే వెతుక్కోవాలి. ఎన్ని గ్రూపులుంటే అన్నిట్లోనూ పెట్టండి. కాకపోతే ఊరు, ఆసుపత్రి, ఏ గ్రూపు రక్తం, ముఖ్యంగా తేదీ రాయండి. పెట్టిన సందేశాన్ని వాట్సాప్‌లో దిద్దుకోవడానికి 15 నిమిషాలే గడువు, ఇతరులు ఫార్వర్డ్ చేసిన కాపీలను మనం చెరపనే లేం. తేదీ లేని సందేశం నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఇచ్చిన నంబరుకు ఫోన్లు వస్తూనే ఉంటాయి, ఒక్కోసారి ఆ మనిషి దక్కని ఇంటికి కూడా. రక్తం దొరకగానే పెట్టిన ప్రతిచోటా ‘దొరికింది’ అని రాయడానికి ఎంతసేపు పడుతుంది?

మీ గ్రూపుల్లో దీనికేమైనా పద్ధతి పెట్టుకుని ఉంటే తెలియజేయండి, వచ్చే సంచికలో వేస్తాను. కథలకైతే మరే పత్రిక పరిశీలనలోనూ లేదని హామీపత్రం అడుగుతాం గానీ ఉత్తరాలకు అదేమీ అక్కర్లేదు. అదే ఉత్తరం ఇంకో పత్రికకూ పంపి ఉంటే మాత్రం ఆ సంగతి పైనే రాసేయండి.

ఉంటాను,
మీ సంపాదకుడు