కరగని తీగ

అప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. సంక్రాంతి సెలవులకు గూడెం వచ్చాను. మాది తాటాకు ఇల్లు. రెండు బల్బులు, ఫ్యాను, పాత టీవీ ఉండేవి. ఆ చలికాలం అయ్య నీళ్లు కాచే హీటరు కొన్నాడు. అది పెట్టిన కాసేపటికే ఫ్యూజు పోయేది. ఇల్లంతా చీకటి.

"సదువుకున్నోడివి గదా, ఏదో ఒకటి సెయ్యిరా" అన్నాడు అయ్య.

చేశాను. పింగాణీ ఫ్యూజు పీకి, సన్న తీగ తీసేసి, తెగిన వైరులోని రాగిపోగులు మెలిపెట్టి బిగించాను. ఆ తర్వాత ఫ్యూజు పోతే ఒట్టు! గూడెమంతా మెచ్చుకుంది. ఇంకో మూడు ఇళ్లలోనూ అలాగే కట్టాను.

నాలుగో రోజు తెల్లవారుజామున అయ్య హీటరు పెట్టి పశువుల దగ్గరికి వెళ్లాడు. కాలిన వాసన వచ్చి అవ్వ మమ్మల్ని లేపింది. వాసం వెంట వేసిన పాత వైరు కరిగి, తాటాకు అంటుకుంది. అయ్య పరుగున వచ్చి, మెయిన్ ఆపాకే నీళ్లు చల్లనిచ్చాడు. మనుషులం బతికాం. సగం కప్పు, విత్తనానికి దాచిన జొన్నలు పోయాయి. నేను కట్టిన రాగి మెలిక మాత్రం చెక్కుచెదరలేదు.

బడికి వెళ్లాక సైన్సు సారు కరెంటు పాఠం చెప్పారు. తీగలో కరెంటు పారితే వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. ఇంటికొచ్చే కరెంటంతా ఫేజు తీగలో ఉన్న ఫ్యూజు గుండానే పోవాలి. హద్దు దాటితే ముందు అదే కరిగి దారి తెంచాలి. సీసం, తగరం కలిపిన ఫ్యూజు తీగ సుమారు 200 డిగ్రీలకే కరుగుతుంది. రాగికి 1085 డిగ్రీలు కావాలి. తగరం పూసిన రాగి తీగ వాడినా, ఆ ఆంపియర్లకు తగినంత సన్నగానే ఉండాలి.

నోటుబుక్కులో లెక్క వేశాను. 2000 వాట్ల హీటరు 230 వోల్టులకు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. మా ఫ్యూజు 5 ఆంపియర్లది. అది పోయిన ప్రతిసారీ 'మీ వైర్లు ఇంత మోయలేవు' అని చెప్పింది. నేను దాని నోరు మూయించాను. ఫ్యూజు కరగకపోయేసరికి ఇల్లు కాలింది.

మిగతా మూడు ఇళ్లు గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శనివారం సెలవు అడిగి గూడెం వెళ్లాను. తప్పు నాదేనని చెప్పి, మూడు ఇళ్లలోనూ మెయిన్ ఆపి, సరైన తీగ కట్టించాను. ఎవరూ తిట్టలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఇప్పుడు నేనూ పిల్లలకు సైన్సు చెబుతున్నాను. ఫ్యూజు పాఠం వచ్చినప్పుడు ముందుగా ఈ సంగతే చెబుతాను. ఫ్యూజు పదేపదే పోతుంటే తీగ లావు చేయకండి. ఇంట్లో ఏది ఎక్కువ లాగుతోందో, ఎక్కడ వైరు చెడిందో వెతకండి. ఇంకో మాట. ఫ్యూజు కాపాడేది వైర్లను. షాకు నుంచి మనిషిని కాపాడటానికి అది చాలదు. చెయ్యి పెట్టే ముందు మెయిన్ ఆపండి.