ముందున్న ఆ చిన్న తాడు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా ఇంట్లో జీలుగు చెట్టు ఎక్కేవాళ్లున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు.

మేము ముగ్గురం ఒకే ఊరివాళ్లం, ఒకే హాస్టల్ గది. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. చెట్లెక్కడం మాత్రం తాతల నుంచి ఉంది. మామ ఇప్పటికీ జీలుగు చెట్టుకి వెదురు బొంగు కట్టి, కణుపుల దగ్గర వదిలిన కొమ్మ మోళ్ల మీద కాలు పెట్టి పైకి పోతాడు. రెండేళ్ల కింద కట్టు జారి మా పెదనాన్న పడ్డాడు. ఆయన నడుము ఇంకా సరిగ్గా లేదు.

అందుకే ఒక సీనియర్ అన్న తను వాడిన పాత హార్నెస్ ఇస్తానంటే ఎగిరి గంతేశాం. 2024లో తెలంగాణలో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇచ్చిన వీడియోలు చూసి ఉన్నాం కదా, మామకీ అలాంటిది దొరికిందని సంబరం. సెలవులకి సంచిలో పెట్టుకుని పోయాం.

చెట్లెక్కే హార్నెస్‌కి ముందు వైపు, రెండు తుంటి రింగుల మధ్య, మూరెడు కూడా లేని తాడు ఉంటుంది. దాన్ని బ్రిడ్జ్ అంటారు. దాని మీద ఒక లోహపు రింగు అటూ ఇటూ జారుతుంది. పై నుంచి వచ్చే తాడు ఆ రింగుకే తగిలిస్తారు. అంటే మనిషి బరువంతా ఆ చిన్న ముక్క మీదే. మాకేమో వెడల్పాటి బెల్టులే కనపడ్డాయి. బకిళ్లు లాగాం, కుట్లు చూశాం, బాగుందనుకున్నాం. మాలో ఒకడు వాకిట్లో చింతకొమ్మకి వేలాడి ఫోటో కూడా దిగాడు.

మామ ఏమీ అనలేదు. బ్రిడ్జ్ చేతిలోకి తీసుకుని, వేలెడు వేలెడు వంచుతూ పోయాడు. మధ్యలో ఆగాడు. “ఇక్కడ తాడు చచ్చిపోయిందిరా అల్లుడూ” అన్నాడు. రింగు రాసుకునే చోట మైనం పూసినట్టు మెరుస్తోంది, గట్టిగా ఉంది, వంగట్లేదు. రాపిడి వేడికి పై తొడుగు కరిగి అతుక్కుపోయింది. ఇంకో చోట, ముడి పక్కన, నొక్కితే మెత్తగా చదునైపోతోంది. అంటే లోపలి పోగులు పోయినట్టే. సిగ్గేసింది. లేబుల్ మీద తేదీ కూడా చెరిగిపోయింది, మేము చదవనే లేదు.

తర్వాత కూర్చుని నేర్చుకున్నాం. ఎక్కే ప్రతిసారీ బ్రిడ్జ్ మొత్తం వంచి చూడాలి. కోత, మెరుపు, గట్టిదనం, మెత్తదనం ఏది కనపడినా ఆ తాడు పక్కన పెట్టాలి. ముడుల తోకలు పొట్టిగా ఉండకూడదు. రింగు లోపల వేలు తిప్పితే గరుకు తగలకూడదు. బ్యాటరీ యాసిడ్ తగిలితే తాడు పైకి బాగానే కనపడుతూ లోపల కుళ్లిపోవచ్చు, అందుకే ఎవరు ఎలా వాడారో తెలియని తాడు అసలే వద్దు. కొత్తది వేస్తే ఆ హార్నెస్ కంపెనీ చెప్పిన రకం, చెప్పిన లావు, చెప్పిన పొడవే. సంతలో దొరికే నైలాన్ తాడు గేదెకి సరిపోతుంది, మనకి కాదు. పొడవు ఎక్కువైతే పక్కలకి తిరగడం సులువే, కానీ రింగు ఒంటికి దూరమైపోతుంది.

హార్నెస్ ఒక్కటే ఉన్నా చాలదు. ఎక్కే తాడు కావాలి, నేర్పే మనిషి కావాలి.

ఇంకెవరూ వాడకుండా ఆ బ్రిడ్జ్‌ని కత్తితో రెండు ముక్కలు చేశాం. సీనియర్ అన్నకి చెప్తే ముందు కోపం వచ్చింది, ఆ ముక్క చూశాక మాట్లాడలేదు. కొత్త దానికి మెస్ బిల్లులో మిగిలిన డబ్బులు కూడబెడుతున్నాం. మర్నాడు పొద్దున్నే మామ మళ్లీ బొంగు మీదే ఎక్కాడు. ఆయన దిగేదాకా మేము ముగ్గురం కిందే నిలబడ్డాం.