ఆరు పలకల చట్రం

ఖమ్మం నుంచి భద్రాచలం వెళుతూ కొత్తగూడెం, పాల్వంచ దాటితే అడవులు కనిపిస్తాయి. వాటిలో టేకు చెట్లున్నాయి. టేకు మొక్క పెద్ద మాను కావటానికి 50, 60 ఏళ్ళు పడుతుంది. అందుకే వడ్రంగులు టేకు ముక్కను వృథా కానివ్వరు.

2011 జనాభా లెక్కల్లో వేరే పట్టణంగా ఉన్న ఖానాపురం హవేలి ఇప్పుడు ఖమ్మం నగరంలో కలిసిపోయింది. అక్కడ ఒక వడ్రంగి కొట్టంలో ఒక కుర్రవాడు టేకు బద్దలతో ఆరు పలకల చట్రం చేస్తూండగా చూశాను. ప్రతి బద్ద చివరనూ 60 డిగ్రీల వాలుగా కొయ్యాలి. వాడు గీత గీసి, చేతివాటంగా కోశాడు. ఐదు మూలలు కలిశాయి. ఆరవ మూలలో వేలు దూరేటంత సందు!

"తాతా, ఒక్కొక్క కోత వెంట్రుకవాసే గదా తప్పింది?" అన్నాడు ఏడుపు ముఖంతో.

"కోతలెన్నిరా?" అన్నాడు తాత.

పన్నెండు! కోతకు అర డిగ్రీ చొప్పున ఒకే వైపుకు తప్పితే మొత్తం 6 డిగ్రీలు.

తాత కొత్త బద్దలు ఇవ్వలేదు. పాత చెక్కలతో మూతలేని పెట్టె చేయించి, రంపం అటూ ఇటూ పోకుండా దాని పక్కల్లో వాలుగా గాడి పెట్టించాడు. కోణమానిని లేకుండానే! కంపాసుతో వృత్తం గీసి, కంపాసు కదపకుండా చుట్టూ గుర్తులు పెడితే సరిగ్గా ఆరు పడతాయి. పక్కపక్క గుర్తులను కేంద్రంతో కలిపితే 60 డిగ్రీలు వచ్చినట్టే. మీరూ కాగితం మీద గీసి చూడండి.

పెట్టె తప్పయితే కోతలన్నీ తప్పే గదా! అందుకని ముందు పనికిరాని చెక్క కోసి చూశారు. తరవాత పాడైన బద్దలనే గాడిలో పెట్టి, చివరలు మళ్ళీ కోశాడు కుర్రవాడు.

చట్రం కాస్త చిన్నదయింది. సందు మాత్రం లేదు.