అక్షరం అదే, స్వరం వేరు



మా ఆలయంలో ఏటా కార్తికమాసంలో అయ్యప్ప మాలధారణ జరుగుతుంది. ఇరవై ఏళ్ళుగా ఎందరో భక్తులకు ఈ చేతులతోనే మాల వేశాను. వారిలో నా చెల్లెలి కుమారుడు ఒకడు. పదిహేడవ ఏట సిగరెట్టుతో ఆరంభించి, పాతికేళ్ళు నిండకముందే మద్యానికి పూర్తిగా వశుడయ్యాడు. వరుసగా మూడు సంవత్సరాలు మాల వేసుకున్నాడు. నలభై ఒక్క దినాలు చన్నీటి స్నానం, ఏకభుక్తం, భూశయనం; ఒక్క చుక్క ముట్టలేదు. శబరిమల నుండి వచ్చి మాల విరమించిన వారంలోపే మళ్ళీ మద్యం దుకాణం మెట్లెక్కేవాడు. మూడవసారి కూడా అలాగే జరిగినప్పుడు, మండపంలో పదిమంది వింటుండగా, "మాలను అపవిత్రం చేశావు. ఇక నా చేతులతో నీకు మాల లేదు" అన్నాను. "సరే మామయ్యా" అని తల వంచుకొని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత దాదాపు ఏడాది గుడి గడప తొక్కలేదు.

ఆ మాటకు ప్రాయశ్చిత్తంగా ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మరుసటి సంవత్సరం వాడిని వ్యసన విముక్తి కేంద్రంలో చేర్చారు. చెల్లెలితో కలిసి చూడడానికి వెళ్ళాను. అక్కడి వైద్యుణ్ణి ఒకే ప్రశ్న అడిగాను: "నలభై ఒక్క రోజులు నిగ్రహించుకోగలిగినవాడు నలభై రెండవ రోజున ఎందుకు నిగ్రహించుకోలేడు?" వాడి భక్తి కపటమన్నదే నా మనసులోని సమాధానం.

ఆయన ఒక కాగితం తీసుకొని ఓపికగా చెప్పారు. మన దేహంలోని దాదాపు ప్రతి కణంలోనూ జన్యువులనే అక్షరమాల ఉంది. ఆ అక్షరాల దారం హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ, కండెకు నూలు చుట్టినట్లు చుట్టుకొని ఉంటుంది. ఎక్కడ చుట్టు వదులుగా ఉంటే అక్కడి జన్యువు చదవబడుతుంది. ఎక్కడ బిగుసుకొని ఉంటే అక్కడిది మౌనంగా ఉంటుంది. ఎసిటైల్ మొదలైన చిన్న రసాయన ముద్రలు ఈ బిగువును నిర్ణయించడంలో పాలుపంచుకుంటాయి. మత్తు పదార్థం మెదడులోని న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగంలో డోపమైన్‌ను ఉప్పొంగజేస్తుంది. అది పదేపదే జరిగితే, ఏ జన్యువు పలకాలో ఏది ఊరుకోవాలో తేల్చే ఏర్పాటే మారిపోతుంది.

ఈ మార్పులో ఒక ప్రోటీన్ ముఖ్యపాత్ర వహిస్తుందని 1990ల నుండి ఎరిక్ నెస్ట్లర్ బృందం పరిశోధనలు చెబుతున్నాయి. దాని పేరు డెల్టా ఫాస్‌బి. దాని జాతికి చెందిన తక్కిన ప్రోటీన్లు పుట్టిన కొన్ని గంటలలోనే నశిస్తాయి. ఇది మాత్రం చివరి భాగం లేకుండా పొట్టిగా పుట్టడం వల్ల అంత సులభంగా విచ్ఛిన్నం కాదు. నిన్నటిది పోకముందే నేటిది చేరుతుంది. మత్తు మానిన తర్వాత కూడా వారాల తరబడి నిలిచి, ఇతర జన్యువులలో కొన్నిటిని తెరుస్తూ, కొన్నిటిని మూస్తూ ఉంటుంది.

"జన్యువు అక్షరాలు మారవు స్వామీ, చదివే తీరు మారుతుంది" అన్నారాయన.

వేదాధ్యయనం చేసినవాడికి ఆ మాట అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కరలేదు. అక్షరం క్రింద అడ్డగీత ఉంటే అనుదాత్తం. పైన నిలువుగీత ఉంటే స్వరితం. ఆ గీతలు మారితే అక్షరం చెక్కుచెదరకుండా ఉన్నా ఫలం తారుమారవుతుంది. ఇంద్రుణ్ణి సంహరించేవాడు పుట్టాలని త్వష్ట హోమం చేస్తే, స్వరదోషం వల్ల ఇంద్రుని చేతనే చచ్చేవాడు పుట్టాడన్న కథ ప్రతి వేదవిద్యార్థి విన్నదే. నా మేనల్లుడిలోనూ అక్షరాలు చెడలేదు. స్వరం తప్పింది.

స్వరం ఒక్కరోజులో తప్పదు, ఒక్కరోజులో కుదరదు. మా గురువుగారు సంత చెప్పేటప్పుడు, బాల్యంలో తప్పుగా పట్టిన స్వరాన్ని దిద్దడానికి కొత్త పాఠం చెప్పడం కంటే ఎక్కువ కాలం పట్టేది. ఇక్కడ నన్ను నివ్వెరపరచిన విషయం మరొకటి ఉంది. సముద్రంలో నివసించే ఒక నత్తజాతి ప్రాణి మీద పరిశోధించి, దీర్ఘకాల స్మృతికి జన్యువులు మేల్కొని కొత్త ప్రోటీన్లు తయారు కావాలని చూపినవారిలో అగ్రగణ్యుడు ఎరిక్ కాండెల్. 2000లో నోబెల్ బహుమతి పొందారు. ఆయన, ఆయన భార్య డెనిస్ కాండెల్, సహపరిశోధకులు 2011లో చిట్టెలుకలపై మరో ప్రయోగం ప్రకటించారు. ముందుగా ఏడు దినాలు నికోటిన్ ఇచ్చి తర్వాత కొకైన్ ఇస్తే, ఫాస్‌బి జన్యువు మరింత తీవ్రంగా స్పందించింది. నికోటిన్ ఆ జన్యువు చుట్టును ముందే వదులు చేసి ఉంచింది. క్రమం తిరగవేస్తే ఆ ప్రభావం కనబడలేదు. అంటే వేదం నా నాలుక మీద నిలవడానికీ, మత్తు వాడి మెదడులో నిలవడానికీ జన్యువులు మేల్కొనక తప్పలేదు. శాస్త్రం దీనిని సంస్కారం, వాసన అంటుంది. మంచికైనా చెడుకైనా పునరావృత్తియే దాని బీజం.

వారాల తరబడి నిలిచే ప్రోటీన్, నలభై ఒక్క దినాల మండలదీక్ష – ఈ రెంటినీ ముడివేసి "మన ఋషులకు ఇదంతా ముందే తెలుసు" అనాలన్న ఉబలాటం నాకూ కలిగింది. అలా అనడం సత్యం కాదు. ఆ ప్రోటీన్ గురించి మనకు తెలిసినదంతా చాలావరకు ఎలుకల వల్ల తెలిసినదే. పైగా అది తొలగినా, అది తెచ్చిన మార్పులు కొన్ని ఇంకా మిగిలే ఉంటాయట. పతంజలి మహర్షి చెప్పినది వేరు. దానికి ప్రయోగశాల అక్కరలేదు. అభ్యాసం దీర్ఘకాలం, ఎడతెగక, ఆదరంతో సాగితేనే దృఢమవుతుందన్నాడు. నేను ఎడతెగనివ్వకూడని దానిని నలభై ఒకటవ రోజున తెంచి, తప్పు వాడిదన్నాను.

అయితే మనిషికి బాధ్యత లేదా? ఉంది. కానీ ఆ బాధ్యత ఒక్క క్షణపు శపథంలో లేదు. ప్రతిదినాన్నీ ఒక పద్ధతిలో నిలుపుకోవడంలో ఉంది. మారిన ముద్ర విధివ్రాత కాదు. చదివే తీరు ఒకసారి మారగలిగితే మళ్ళీ మారగలదు.

ఇప్పుడు నా ఆచరణ కొంత మారింది. నిత్యం త్రాగేవాడు మాలకు వస్తే ముందుగా వైద్యుని వద్దకు పంపుతున్నాను. ఒక్కసారిగా మానినప్పుడు వచ్చే వణుకును పూర్వం నేను స్వామి పరీక్ష అనేవాణ్ణి. అది మూర్ఛకు, ప్రాణాపాయానికి కూడా దారితీయవచ్చునని తెలియక అన్నమాట. మాల విరమించే రోజున మరొక మాట చెబుతున్నాను: "దీక్ష ముగిసింది, అభ్యాసం ముగియలేదు. రేపు సాయంసంధ్యకు రా."

మా మేనల్లుడిని ఆ మండపంలోనే, ఆ పదిమంది ఎదుటనే క్షమాపణ కోరాను. "అదేమిటి మామయ్యా" అని కన్నీరు పెట్టుకున్నాడు. మందులు వాడుతున్నాడు. నడుమ రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ మరునాడు తానే వచ్చి చెప్పాడు. నేనేమీ అనలేదు. ప్రమిదలు కడిగి వత్తులు వేయమన్నాను. ఇప్పుడు మా ఆలయంలో సాయంకాల దీపాలు వెలిగించేది వాడే.

స్వస్తి.