కుక్కకు పేరిచ్చిన ఊరు

మా ఎదురింట్లో రాట్‌వైలర్ కుక్క ఉంది. దానికి జడిసి మా మనవరాలు బడికి చుట్టుదారిన పోయేది. అందుకే జర్మనీ వెళ్ళినప్పుడు, నెక్కార్ నది ఒడ్డున ఉన్న రాట్‌వైల్ చూడకుండా రాబుద్ధి కాలేదు.

రోమనులు క్రీ.శ. 73లో వేసిన ఊరది. వీధిలోకి పొడుచుకువచ్చిన కిటికీలతో పాత మేడలు; వాటి నడుమ, చూడండి, ఆ కుక్కకు విగ్రహం! పూర్వం ఇక్కడి కసాయివాళ్ళు వీటిచేత మందలు తోలించారు, మాంసపు బళ్ళు లాగించారు. సంతనుంచి వచ్చేటప్పుడు డబ్బుసంచి దాని మెడకే కట్టేవారని చెబుతారు. దొంగ దగ్గరకు రాగలడా? రైళ్ళు వచ్చాక దానికి పని పోయింది, జాతే అంతరించబోయింది. 1910లో పోలీసు కుక్కగా గుర్తింపు వచ్చాక నిలదొక్కుకుంది.

2024 మార్చిలో మన కేంద్ర ప్రభుత్వం, దీనితోసహా 23 రకాల కుక్కల పెంపకానికీ అమ్మకానికీ అనుమతులివ్వవద్దని రాష్ట్రాలకు రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తరువు కొట్టేసింది.

మందలు తోలిన కుక్కను పనీపాటా లేకుండా గేటులోపల ఉంచి, ఒకనాడు గేటు వేయడం మరిస్తే దోషమెవరిది? పిల్ల భయమూ ఉత్తది కాదు. ఆ దవడ బలం నిజమే. తిరిగివచ్చి ఎదురింటాయనతో ఈ మాటే అన్నాను. ఇప్పుడాయన రోజూ ఉదయం కుక్క మూతికి చిక్కం వేసి, గొలుసు చేతబట్టి స్వయంగా తిప్పుతున్నారు.

మనవరాలు ఇంకా వీధికి అవతలి పక్కనే నడుస్తోంది. కాని చుట్టుదారి మానేసింది.