కొత్త కత్తికి పాత రంగు

మీ ఇంట్లో కూడా యాన్యువల్ డేకి ఏం కావాలో ముందురోజు రాత్రి పదింటికే తెలుస్తుందా? మాకు ఈసారి మూడు వారాల ముందే తెలిసింది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిది తాండ్ర పాపారాయుడి వేషం. కత్తి, డాలు ఇంట్లోనే చేసుకోమన్నారు.

శ్రీకాకుళంలో నాది కార్లకు పెయింటింగ్ చేసే షెడ్డు. అడ్మిషన్ ఫారంలో మాత్రం తండ్రి వృత్తి దగ్గర 'బిజినెస్' అని రాశాను. రంగు పనంటే ఇక చూసుకోండి, నేనే మొదలుపెట్టేశాను. కత్తి పొడుగు భాగం ప్లైవుడ్‌తో కోశాను. పిడి, డాలు మీద నాలుగు గుబ్బలు రెజిన్‌వి, ఆన్‌లైన్‌లో తెప్పించాం.

మర్నాటికే ప్రైమర్ పొరలు పొరలుగా లేచిపోయింది. రెజిన్ అచ్చుకు అంటుకోకుండా లోపల జిడ్డులాంటిది పూస్తారు. అది ముక్కతోపాటే వస్తుంది. గిన్నెలు తోమే సబ్బుతో, గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టాకే రంగు ముట్టుకోవాలి. ప్యాకెట్లో చీటీ మీద ఆ మాట ఉంది. అమ్మాయి చదివింది, నేను చదవలేదు. ఇరవై ఏళ్ల అనుభవం నాది!

మళ్లీ మొదటికొచ్చాం. గాలి బుడగల గుంటల్లో పుట్టీ పెట్టి, 400 నంబరు వాటర్ పేపర్‌తో తడి మీదే రుద్దాం. మీరు చేస్తే పొడిగా రుద్దకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు తప్పనిసరి. ప్రైమర్ పల్చగా రెండు కోట్లు, ఆపైన సిల్వర్. షోరూం బండిలా మెరిసింది.

మా అమ్మ చూసి, "యుద్ధానికెళ్లిన కత్తి ఇలాగుంటాదేట్రా?" అంది.

నిజమే. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడ్డాక, రాజాం నుంచి వచ్చి విజయరామరాజును గుడారంలోనే చంపిన మనిషి పాపారాయుడు. "నాన్నా, దీనికి గీతలు పెట్టాలి" అంది అమ్మాయి. గీతలు తీసి బతుకుతున్నవాణ్ని నేను. చెయ్యి రాలేదు.

అటక మీంచి మా అమ్మ పాత కొడవలి తీసింది. ముగ్గురం దాన్ని చాలాసేపు చూశాం. చెయ్యి పట్టుకునేచోట పిడి నున్నగా ఉంది. పిడి, ఇనుము కలిసేచోట నల్లటి మట్టి. అంచు మాత్రమే తెల్లగా ఉంది.

అమ్మాయి నలుపు, గోధుమరంగు యాక్రిలిక్‌లో నీళ్లు కలిపి అంతటా పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచింది. పల్లాల్లో మురికి నిలిచింది. తర్వాత బ్రష్‌కు సిల్వర్ అద్ది, దాదాపు అంతా కాగితానికి తుడిచేసి, అంచుల మీద తేలిగ్గా ఆడించింది. ఓచోట నేను సరిచేయబోతే బ్రష్ వెనక్కి లాక్కుంది. "అక్కడ చెయ్యి తగులుతుంది నాన్నా, తుప్పు పట్టదు." పైన క్లియర్ మాత్రం నేనే కొట్టాను, మెరుపు లేనిది.

యాన్యువల్ డే రోజు పక్క సీట్లోని నాన్నగారు ఆ కత్తి ఎక్కడ కొన్నారని అడిగారు. "మా అమ్మాయే చేసిందండి. నేను కార్లకు పెయింటింగ్ చేస్తాను, షెడ్డులో సామాను ఉంటుంది" అన్నాను.

తన బంపర్ మీద గీత ఉందట. సోమవారం తీసుకొస్తానన్నారు.